గుండె దడ, చేతుల వణుకు: ఇంట్లో ఉన్న వాటితోనే ఒంటిని కుదుటపరచుకోవడం ఎలా

"టెన్షన్ వచ్చినప్పుడు ఏం చేయాలో చదివాను, కానీ ఆ టైంకి ఏదీ పనిచేయట్లేదు." ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. వాళ్లు ఏం చేస్తున్నారో వివరంగా కనుక్కుంటే దాదాపు అందరి దగ్గరా ఒకటే కనిపించింది. దడ మొదలయ్యాక మనసుతో వాదనకి దిగుతున్నారు. "ఏం కాదు, ఏం కాదు" అని తమకి తామే నచ్చజెప్పుకుంటున్నారు.

ఆ సమయంలో ఒంటికి మాటలు ఎక్కవు. చల్లదనం ఎక్కుతుంది. బరువు, ఊపు, నెమ్మదైన శబ్దం ఎక్కుతాయి. గుండె వేగాన్ని, చెమటని, జీర్ణాన్ని మన ప్రమేయం లేకుండా నడిపే నాడీ వ్యవస్థలో సింపథెటిక్ అనే భాగం ఒంటిని పరుగుకి సిద్ధం చేస్తుంది, పారాసింపథెటిక్ అనే భాగం మళ్లీ నెమ్మదింపజేస్తుంది. ఈ రెండో భాగానికి చర్మం, కండరాలు, చెవి, ఊపిరి ద్వారా కబురు పంపొచ్చు. ఆ కబురు ఏ వరుసలో, ఎంతసేపు పంపాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1. మొదలుపెట్టే ముందు ఇది చూసుకోండి

ఛాతీలో నొక్కేసినట్టు నొప్పి, అది చేతికో దవడకో పాకడం, చల్లని చెమటలు, స్పృహ తప్పేలా ఉండటం, మూతి ఒక పక్కకి జారడం, మాట ముద్దగా రావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పద్ధతులేవీ ప్రయత్నించకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

దడ తరచూ వస్తుంటే ఒకసారి డాక్టర్‌ని కలిసి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా, షుగర్ పడిపోయినా అచ్చం టెన్షన్ లాగే అనిపిస్తుంది. నేను రెండేళ్ల పాటు నరాల బలహీనత అనుకున్నదాంట్లో సగం రక్తహీనత అని తేలింది. ఐరన్ మాత్రలు వాడాక మిగిలిన సగానికి ఈ పద్ధతులు బాగా పనిచేశాయి. అంతకుముందు చేసినవేవీ నిలబడలేదు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేదనే ఆలోచనలు వస్తున్నా ఒంటరిగా తంటాలు పడొద్దు. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

2. మీ ఒళ్లు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో గుర్తుపట్టండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఒళ్లు అదుపు తప్పడం రెండు రకాలుగా ఉంటుంది. వాటికి చేయాల్సినవి పూర్తిగా వేరు.

పరుగు స్థితి:
- గుండె దడ, ఊపిరి పైపైన ఆడటం
- దవడ, భుజాలు బిగుసుకుపోవడం
- చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం, చిరాకు
- ఒకచోట కూర్చోలేకపోవడం

మొద్దు స్థితి:
- కాళ్లూ చేతులూ ఆడకపోవడం, ఒళ్లు చల్లబడటం
- ఎవరేం అడిగినా "ఏమో" అనడం
- గోడకేసి చూస్తూ ఉండిపోవడం
- లేచి మంచినీళ్లు తాగడానికి కూడా ఓపిక లేకపోవడం

పరుగులో ఉంటే 3 నుంచి 5 వరకు ఉన్నవి చేయండి. మొద్దుగా ఉంటే నేరుగా 7కి వెళ్లండి. మొద్దుబారిన మనిషికి లైట్లు తీసేసి, దుప్పటి కప్పి, మెల్లని పాట పెడితే ఇంకా లోపలికి కూరుకుపోతారు.

తర్వాత సున్నా నుంచి 10 దాకా ఒక అంకె వేసుకోండి. సున్నా అంటే మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చినంత హాయి. 10 అంటే ఇంతకంటే భరించలేననిపించే స్థితి. ఈ అంకెను బట్టే ఎక్కడ మొదలుపెట్టాలో తేలుతుంది.

3. కొత్తది కలపకముందు, ఉన్నది తగ్గించండి

సాయంత్రం ఏడు గంటలకి మామూలు ఇల్లు ఎలా ఉంటుందో చూడండి. కుక్కర్ విజిల్, మిక్సీ, హాల్లో సీరియల్, ఇంకొకరి ఫోన్లో రీల్స్, మినుకు మినుకుమంటున్న ట్యూబ్‌లైట్, ఒంటికి అతుక్కున్న చెమట బట్ట. ఇన్ని నడుస్తుండగా దాని మీద ఇంకో అగరుబత్తి, ఇంకో ప్రశాంతమైన సంగీతం కలిపితే ఒంటికి భారం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ముందు రెండు నిమిషాలు ఇవి చేయండి:
- టీవీ కట్టేయండి. కట్టే వీలు లేకపోతే వేరే గదిలోకో బాల్కనీలోకో వెళ్లండి.
- ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టి వేరే గదిలో ఉంచండి. వైబ్రేషన్ కూడా ఉండకూడదు.
- ట్యూబ్‌లైట్ తీసేసి చిన్న లైటు వేయండి.
- బిగుతుగా ఉన్న ఎలాస్టిక్, వాచీ, గాజులు, జడ వదులు చేయండి.
- చెమట బట్టలు మార్చి పాత కాటన్ వేసుకోండి.

అంకె 4 లోపు ఉన్నవాళ్లలో చాలామందికి ఈ ఒక్క మెట్టే సరిపోతుంది.

4. వస్తువులు ఒక డబ్బాలో సిద్ధంగా ఉంచుకోండి

దడ వచ్చాక వెతుక్కుంటే దొరకవు. దొరికినా చేతులు వణుకుతుంటాయి. బాగున్న రోజున ఒక డబ్బా సర్దిపెట్టండి.

- చిన్న కాటన్ టవల్
- ఒక వాసన వస్తువు: ఎండు మరువం, యాలకులు, ఏదైనా మీకు నచ్చినది
- గరుకుగా ఉండే ఒక వస్తువు: ఎండిన బీరపీచు ముక్క, కొబ్బరి తాడు
- గుప్పెడు వేయించిన శనగలు, ఎండు ఉసిరి
- చిన్న సీసాలో నువ్వుల నూనె
- ఈ మెట్లు పెద్ద అక్షరాలతో రాసిన ఒక కాగితం

కుండ నీళ్లో ఫ్రిజ్ నీళ్లో ఎప్పుడూ ఒక సీసా నిండుగా ఉండాలి. బరువుకి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. పాత చీరలు కలిపి కుట్టిన బొంత ఇంట్లో ఉంటే అది చాలు. లేకపోతే రెండు కిలోల పప్పు సంచి.

5. వరుస: మొదటి పదిహేను నిమిషాలు

అంకె 8 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 5.1 నుంచి మొదలుపెట్టండి. 5 నుంచి 7 మధ్య ఉంటే 5.2 నుంచి. అంతకంటే తక్కువ ఉంటే 5.3 చాలు. ఈ వరుసకి కారణం ఉంది. దడ తారస్థాయిలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టమంటే ఎవరివల్లా కాదు. ముందు ఘాటైన స్పర్శతో కాస్త దించి, ఆ తర్వాత సున్నితమైన వాటికి రావాలి.

5.1 ముఖానికి చన్నీళ్లు (ఒక నిమిషం)

ముఖం చల్లబడి, ఊపిరి ఆగినప్పుడు గుండె వేగం తగ్గుతుంది. నీళ్లలో మునిగినప్పుడు ఆక్సిజన్‌ని పొదుపు చేసుకోవడానికి ఒంట్లో ఉన్న ఏర్పాటు ఇది. కబురు ముఖంలో స్పర్శని అందుకునే నరం నుంచి మెదడుకి, అక్కడి నుంచి వేగస్ నరం ద్వారా గుండెకి వెళ్తుంది.

1. టవల్‌ని చల్లటి నీళ్లలో ముంచి కొద్దిగా పిండండి. నీరు కారకూడదు, అలాగని పొడిగానూ ఉండకూడదు.
2. కూర్చుని, కొంచెం ముందుకి వంగండి.
3. మామూలుగా ఊపిరి తీసుకుని ఆపండి.
4. నుదురు, కళ్లు, బుగ్గల పైభాగం కప్పేలా టవల్ అదమండి. 15 నుంచి 20 సెకన్లు ఉంచండి.
5. టవల్ తీసి, నోటితో నెమ్మదిగా వదలండి. మళ్లీ ఒకటి రెండుసార్లు.

మెడ మీద, తల మీద పోసుకుంటే హాయిగానే ఉంటుంది, కానీ ఈ పని జరగదు. చల్లదనం తగలాల్సింది కళ్ల చుట్టూ, నుదుటికి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇది చేయొద్దు.

5.2 బరువు పని (ఐదు నిమిషాలు)

నన్ను ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. కండరాలు, కీళ్ల మీద గట్టి ఒత్తిడి పడినప్పుడు ఒళ్లు ఎక్కడుందో మెదడుకి స్పష్టంగా తెలుస్తుంది. శబ్దం, స్పర్శ లాంటివి తట్టుకోవడంలో ఇబ్బందులున్న పిల్లలతో ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులకి తర్ఫీదిచ్చే నిపుణులు) బరువు పనులు చేయించేది ఇందుకే. పెద్దవాళ్లం మాత్రం టెన్షన్ అనగానే పడుకోవాలనుకుంటాం. పరుగుకి సిద్ధమైన కండరాలకి పని ఇవ్వకుండా పడుకోబెడితే లోపల వణుకు అలాగే ఉండిపోతుంది.

వీటిలో ఒకటి ఎంచుకోండి:
- గోడకి రెండు అరచేతులు ఆనించి, గోడని జరుపుతున్నట్టు 10 సెకన్లు తోయండి. వదలండి. ఐదుసార్లు.
- సగం నీళ్లున్న బకెట్ని రెండు చేతులతో పట్టుకుని ఇంటి చివరి దాకా వెళ్లి రండి.
- చపాతీ పిండి గట్టిగా కలిపి, అరచేతి మడమతో అదుముతూ పిసకండి.
- తడి దుప్పటి పిండండి.

దుప్పటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక కొసని కుళాయికి చుట్టి, రెండో కొసని రెండు చేతులతో పట్టుకుని మెలి తిప్పుతూ పోతే మణికట్టు నుంచి భుజం దాకా ప్రతి కండరమూ పట్టు బిగిస్తుంది. ఇక మెలి పడదనిపించిన చోట ఆగి, ఐదు అంకెలు లెక్కపెట్టి, నీళ్లు ధార కట్టి కారుతుంటే వదలాలి. వదిలిన క్షణంలో భుజాలు వాటంతట అవే కిందికి దిగుతాయి. కోపంతో వచ్చిన దడకి దీన్ని మించింది నాకు తెలియదు.

రక్తపోటు ఎక్కువున్నవాళ్లు ఊపిరి బిగపట్టి బలం పెట్టకూడదు. తోసేటప్పుడు ఊపిరి బయటికి వదులుతూ ఉండాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు బకెట్ మానేసి గోడ పని చేసుకోవచ్చు.

5.3 పొడవాటి నిశ్వాస, దానికి తోడు గుంజారం, అంటే తుమ్మెద మోత (ఐదు నిమిషాలు)

ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. వదిలే భాగం పొడవుగా ఉంటే నెమ్మదించే సమయం పెరుగుతుంది. లెక్క ఇంతే.

1. ముక్కుతో నాలుగు అంకెలు పీల్చండి. నిండా కాదు, ముప్పాతిక.
2. పెదాలు మూసి, పళ్లు కలవకుండా "మ్‌మ్‌మ్" అంటూ ఆరు అంకెలు వదలండి.
3. గుంజారం పెదాల్లో, ముక్కు ఎముకలో, ఛాతీలో సన్నగా అదరాలి. అరచేయి ఛాతీ మీద పెట్టుకుంటే తెలుస్తుంది.

ఒక ఊపిరికి 10 సెకన్లు, అంటే నిమిషానికి ఆరు. భ్రామరి ప్రాణాయామం తెలిసినవాళ్లు చెవులు మూసుకోవడం మానేసి మిగతాది అలాగే చేయొచ్చు. దడలో ఉన్నప్పుడు చెవులు మూస్తే సొంత గుండె చప్పుడు వినపడి కొందరికి భయం పెరుగుతుంది.

గుంజారం ఇబ్బందిగా ఉంటే ఇంకో దారి. ముక్కుతో ఒకసారి పీల్చి, దాని మీదే ఇంకో చిన్న పీల్పు వేసి, నోటితో పొడవుగా వదలండి. చిన్నపిల్లలు వెక్కి వెక్కి ఏడ్చాక చివర్లో తీసుకునే ఊపిరి ఇలాగే ఉంటుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ప్రచురించిన పరిశోధనలో రోజూ ఐదు నిమిషాల చొప్పున నెల రోజులు ఇలా చేసినవాళ్లకి మనసు కుదుటపడటంలో మంచి ఫలితం కనిపించింది.

5.4 చేతికి చిన్న పని (నాలుగు నిమిషాలు)

అంకె 3, 4కి దిగాక చాలామంది వెంటనే ఫోన్ అందుకుంటారు. దడ తిరిగి వచ్చేది ఇక్కడే. దిగాక కాసేపు చేతులకి ఒకేలా సాగే పని ఇవ్వాలి.

నాకు చిక్కుడుకాయలు. కొసని గోటితో గిల్లి వెనక్కి వంచితే టక్కున విరుగుతుంది. విరిగిన ముక్కని వదలకుండా కిందికి లాగితే కాయ అంచు వెంట పీచు సన్నటి దారంలా ఊడి వస్తుంది. మధ్యలో తెగిందంటే తొందరపడ్డానని అర్థం. తర్వాతి కాయకి వేలు నెమ్మదిస్తుంది. పది కాయలయ్యేసరికి గోళ్ల సందుల్లో ఆ పచ్చి వాసన పడుతుంది, భుజాలు ఎక్కడున్నాయో మర్చిపోతాను.

మీకు బియ్యం ఏరడం, కరివేపాకు దూయడం, ముగ్గు పెట్టడం, పూలు కట్టడం, ఏదైనా సరే. కత్తి, మంట ఉన్న పనులు మాత్రం వద్దు.

6. ఊపు, స్పర్శ, వాసన, నోరు

ఇవి అత్యవసరానికి కాదు. రోజూ కొంచెం ఇచ్చుకుంటూ పోతే ఒళ్లు త్వరగా రెచ్చిపోకుండా ఉంటుంది.

ఊపు: ఉయ్యాల బల్ల మీద ముందుకీ వెనక్కీ నెమ్మదిగా, ఒక పూర్తి ఊపుకి నాలుగు సెకన్లు పట్టేలా. 2011లో జెనీవా యూనివర్సిటీలో పెద్దవాళ్లని మధ్యాహ్నం ఊగే మంచం మీద పడుకోబెట్టి చూస్తే మామూలు మంచం కంటే త్వరగా నిద్ర పట్టింది. అక్కడి ఊపు కూడా నాలుగు సెకన్లకి ఒకటే. వేగంగా ఊగినా, గిర్రున తిరిగినా ఫలితం ఎదురు తిరుగుతుంది.

స్పర్శ: రెండు చుక్కల నువ్వుల నూనె అరచేతిలో రాసుకుని, మోచేయి నుంచి మణికట్టు దాకా ఎనిమిది సెకన్లు పట్టేలా నిమరండి. మెత్తని స్పర్శని హాయిగా అందుకునే ప్రత్యేకమైన నరాలు చర్మంలో ఉన్నాయి. సెకనుకి సుమారు మూడు సెంటీమీటర్ల వేగానికి అవి బాగా స్పందిస్తాయి. గబగబా రుద్దితే వాటికి అందదు.

వాసన: ఇది పూర్తిగా మీ సొంతం. ఒకరికి మల్లెపూలు పెళ్లిని గుర్తు చేస్తే ఇంకొకరికి చావు ఇంటిని గుర్తు చేస్తాయి. ఎవరో చెప్పారని లావెండర్ కొనకండి. ఆస్తమా ఉన్న ఇంట్లో సాంబ్రాణి, అగరుబత్తి వద్దు. పసిపిల్లలకి జలుబని కర్పూరం వాసన చూపించడం, ముక్కు దగ్గర రాయడం పూర్తిగా మానేయండి. అది వాళ్లలో ఫిట్స్ తెప్పించగలదు.

నోరు: వేయించిన శనగలు ఒక్కొక్కటే నమలడం దవడ బిగువుకి మంచిది. గోరువెచ్చటి జీలకర్ర నీళ్లు చిన్న గుక్కలుగా. దడ ఎక్కువగా ఉన్నవాళ్లు మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ, టీ ఆపి చూడండి. తాగిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

7. మొద్దుబారినప్పుడు

ఇక్కడ మేల్కొలపాలి, కానీ చిన్న చిన్న మెట్లుగా.

1. కాలి వేళ్లు కదపండి. తర్వాత మడమలతో నేలని తొక్కండి, పదిసార్లు.
2. కిటికీ తెరవండి, లేదా డాబా మీదికి వెళ్లి వెలుతురులో నిలబడండి.
3. నాలుక మీద ఎండు ఉసిరి ముక్కో, నిమ్మరసం చుక్కో వేసుకోండి.
4. బీరపీచుతో చేతులు, కాళ్లు చురుగ్గా రుద్దండి.
5. దరువున్న పాట పెట్టి ఒక్క పాట అయ్యేదాకా నడవండి.

మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినా పర్వాలేదు. పావుగంట తర్వాత మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

8. ఆఫీసులో, బస్సులో

కుర్చీ సీటుని రెండు చేతులతో కింద నుంచి పట్టుకుని పైకి లాగండి, పది సెకన్లు. ఎవరికీ కనపడదు. బస్సులో ముందు సీటు కడ్డీని గట్టిగా పిండి వదలండి. సెల్లు పక్కన పెట్టి, కనిపించినంతలో అతి దూరపు వస్తువుని చూడండి. టవల్‌కి బదులు సీసా చన్నీళ్లు కర్చీఫ్ మీద పోసి కళ్ల మీద పెట్టుకుంటే చాలు.

9. పక్కవాళ్లకి చేయాల్సి వస్తే

"టెన్షన్ పడకు" అనొద్దు. ఆ మాట విని ఎవరూ తగ్గలేదు. గొంతు తగ్గించి, చిన్న పని చెప్పండి.

పరీక్ష ముందు రోజు వణుకుతున్న పిల్లకి: "అమ్మలూ, ఈ పిండి కాస్త పిసుకుతావా? నా చేతులు నొప్పిగా ఉన్నాయి."

ఆస్పత్రి రిపోర్ట్ కోసం ఎదురుచూస్తున్న తండ్రికి: "నాన్నా, కాసేపు అలా నడిచొద్దాం, నా చెయ్యి పట్టుకోండి."

అడగకుండా కౌగిలించుకోవద్దు, వీపు తట్టొద్దు. పరుగు స్థితిలో ఉన్నవాళ్లకి ఊహించని స్పర్శ దెబ్బ లాగే తగులుతుంది. బరువైన బొంత పసిపిల్లలకి, ఊపిరి ఇబ్బందులున్నవాళ్లకి కప్పకూడదు. మిగతావాళ్లకి కూడా తమంతట తాము తీసేసుకోగలిగేంత బరువే ఉండాలి.

10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఊపిరి తీస్తుంటే తల తిరుగుతోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి: గట్టిగా, నిండా పీలుస్తున్నారు. కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతోంది. పీల్చేది తగ్గించండి, వదిలే సమయం పెంచండి.

మొదట్లో పనిచేసింది, ఇప్పుడు చేయట్లేదు: దడ వచ్చినప్పుడు మాత్రమే చేస్తున్నారు. బాగున్నప్పుడు రోజుకి రెండుసార్లు చేయండి. ఈత నీళ్లలో పడ్డాక నేర్చుకునేది కాదు కదా.

అన్నీ ఒకేసారి చేశాను, తల పోటు వచ్చింది: ఒకసారికి ఒక్కటే. రెండు నిమిషాలు చూసి, అంకె మారకపోతేనే తర్వాతిది.

కళ్లు మూసుకుంటే భయం పెరుగుతోంది: తెరిచే ఉంచండి. నేల మీద ఒక గళ్ల టైల్ చూస్తూ అంచుల వెంట చూపు నడిపించండి.

రాత్రి మూడింటికి మెలకువ వస్తోంది: చన్నీళ్లు వద్దు, నిద్ర పూర్తిగా ఎగిరిపోతుంది. బొంత కప్పుకుని, 5.3లో చెప్పిన ఊపిరిని గుంజారం లేకుండా చేయండి. గడియారం చూడకండి.

11. ఏడు రోజుల లెక్క

ఒక నోట్‌బుక్‌లో రోజుకి రెండు వరుసలు రాయండి.

- సమయం, ఎక్కడ ఉన్నారు
- పరుగా, మొద్దా
- ముందు అంకె
- ఏం చేశారు, ఎన్ని నిమిషాలు
- తర్వాత అంకె

నా నోట్‌బుక్‌లో ఒక వరుస ఇలా ఉంది: "సాయంత్రం 6:40, వంటిల్లు. పరుగు. 7. గోడ తోయడం ఐదుసార్లు, గుంజారం మూడు నిమిషాలు. 4."

ఎనిమిదో రోజు కూర్చుని చూడండి. కనీసం రెండు అంకెలు దించినవి ఏవో తేలుతుంది. సాధారణంగా రెండో మూడో ఉంటాయి. వాటిని 4లో చెప్పిన కాగితం మీద పైన రాసి, మిగతావి కొట్టేయండి. డబ్బాలో కూడా వాటికి కావాల్సినవే ఉంచి, శనగలు మెత్తబడకముందే మార్చుకుంటూ ఉండండి.